ఆన్‌లైన్ స్టోర్‌లో కొన్న గేమ్ నిజంగా మన సొంతమేనా? పీఎస్5 డిస్క్ ఎడిషన్ తీసుకోవాలా, డిజిటల్ ఎడిషన్ సరిపోతుందా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. పీఎస్5, అంటే సోనీ ప్లేస్టేషన్ 5 కన్సోల్‌లో, డిస్క్ పెట్టే వీలు లేని డిజిటల్ ఎడిషన్ డిస్క్ ఎడిషన్ కంటే తక్కువ ధర కదా, అది తీసుకుంటే సరిపోతుందా అన్నది ఒకటి. ఆన్‌లైన్‌లో కొన్న గేమ్ మనది కాదని అందరూ అంటున్నారు, అందులో నిజమెంత అన్నది ఇంకొకటి. మీ దగ్గర కంప్యూటర్ కూడా ఉందని, నెట్ హాస్టల్‌లో ఉంటుంది గానీ మీ ఊళ్ళో సరిగ్గా ఉండదని, కొనాలనుకుంటున్న గేమ్స్ లిస్ట్ కూడా రాశారు. రెండోదాని సంగతి ముందు తేల్చుకుంటే మొదటిది తేలికవుతుంది.

అందరూ అంటున్నది నిజమేనండి. కంప్యూటర్ గేమ్స్ అమ్మే స్టీమ్‌లో గానీ సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ స్టోర్‌లో గానీ మీరు డబ్బు కట్టేది ఆ గేమ్ ఆడుకునే అనుమతికి, అంటే లైసెన్స్‌కి. ఆడేశాక దాన్ని వేరే ఎవరికీ అమ్మలేరు. అకౌంట్‌ని ఇంకొకరి పేరు మీదకి మార్చకూడదని స్టీమ్ నిబంధనల్లోనే ఉంది. ఇది కొత్తగా వచ్చిందేమీ కాదు. ఎవరూ చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని నొక్కేసే పేజీల్లో మొదటినుంచీ ఉన్నదే. 2024 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో ఏబీ 2426 అనే చట్టం వచ్చాక ఈ మాట బయట పడింది. మీకు దక్కేది లైసెన్స్ మాత్రమే అని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనే బటన్ పెట్టి డిజిటల్ సరుకు అమ్మకూడదని ఆ చట్టం చెబుతుంది. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. స్టీమ్ అంతకుముందే, 2024 అక్టోబర్‌లోనే, డబ్బు కట్టే పేజీలో ఆ విషయం ఒక వాక్యంలో రాసిపెట్టింది. మన దేశంలో ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు.

అయితే చట్టం దగ్గరే ఆగిపోతే అసలు సంగతి అర్థం కాదు. చట్టం ప్రకారం చూస్తే డిస్క్ మీద ఉన్న గేమ్ కూడా లైసెన్సే. కాకపోతే ఆ డిస్క్ మీ బీరువాలో ఉన్నంతకాలం ఎవరూ వచ్చి పట్టుకుపోలేరు. చాలా ఏళ్ళుగా గేమ్స్ ఆడుతున్నాను, ఇప్పుడు ఏది కొనాలన్నా నేను చూసేది ఒక్కటే: అమ్మినవాడు రేపు లేకపోయినా ఈ గేమ్ నడుస్తుందా? నడిస్తే డిస్క్ అయినా డౌన్‌లోడ్ అయినా నాకు ఒకటే. నడవదంటే అది అద్దె సరుకు, దానికి అద్దెకు తగ్గ ధరే పెడతాను.

ఈ లెక్క నాకు ఎక్కడ మొదలైందో చెప్తాను. మాది విశాఖపట్నం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మేం ఊళ్ళోనే ఉన్నాం. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, వీధిలో చెట్లు అడ్డంగా పడ్డాయి. కొన్నాళ్ళకి కరెంటు వచ్చింది గానీ నెట్ రాలేదు. కేబుళ్ళన్నీ తెగిపోయి ఉన్నాయి, అవి సరి చేయడానికి ఇంకా చాలా టైమ్ పట్టింది. ఇంట్లో రెండు ఆటలుండేవి. ఒకటి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసి ఉన్న గేమ్, పూర్తి రేటు పెట్టి కొన్నది, ఒక్కడే ఆడుకునే స్టోరీ గేమ్. అది తెరిస్తే లాగిన్ అడిగింది. గుండ్రటి గుర్తు కాసేపు తిరిగి, సర్వర్‌తో కనెక్ట్ కాలేకపోతున్నాం, ఇంటర్నెట్ చూసుకోండి అని ఆగిపోయింది. ఆ గేమ్ మొత్తం నా హార్డ్ డిస్క్‌లోనే ఉంది. ఆడటానికి అవతల ఇంకో మనిషి అక్కర్లేదు. అయినా తెరుచుకోలేదు. ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి తర్వాత మెయిల్ పెడితే, ఇంటర్నెట్ ఉండాలని బాక్స్ మీద రాశాం కదా అని జవాబు వచ్చింది.

రెండోది పీఎస్3లో వేసే ఫుట్‌బాల్ డిస్క్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కవర్ లోపల పాత ఓనర్ తన పేరు మార్కర్‌తో రాసుకున్నాడు, డిస్క్ వెనకాల గుండ్రంగా సన్నటి గీతలు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి పెడితే చాలు, నడిచేసింది. ఆ వారమంతా పక్కింటి పిల్లలు, పై వాటా వాళ్ళు మా హాల్లోనే ఉన్నారు. ఒక కంట్రోలర్‌లో ఎడమ స్టిక్ కాస్త వదులైంది కూడా.

అప్పట్లో అది తుఫాను వల్ల వచ్చిన ఇబ్బంది అనే అనుకున్నాం. పదేళ్ళ తర్వాత అదే పని ఒక కంపెనీ తుఫాను లేకుండానే చేసింది.

ది క్రూ గేమ్ సంగతి మీరు వినే ఉంటారు. యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ దీన్ని 2014 డిసెంబర్‌లో విడుదల చేసింది. అమెరికా మొత్తాన్ని చిన్న మ్యాప్‌లోకి కుదించి, ఈ చివర నుంచి ఆ చివరికి కారు నడుపుకుంటూ పోయే రేసింగ్ గేమ్. ఒంటరిగా ఆడుకునే కథ కూడా ఉంది. కానీ కథ ఆడాలన్నా సర్వర్ ఉండాల్సిందే. 2023 డిసెంబర్‌లో అమ్మకం ఆపేశారు, 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఆ తర్వాత యూబీసాఫ్ట్ లైబ్రరీలో కొన్నవాళ్ళ లైసెన్సులు కూడా తీసేశారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. డిస్క్ కొన్నవాళ్ళకి కూడా అదే గతి పట్టింది. చేతిలో డిస్క్ ఉంది, బాక్స్ ఉంది, గేమ్ మాత్రం లేదు. అందుకే "డిస్క్ కొంటే చాలు, మనదే" అనే మాట సగమే నిజం.

దీని మీదే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 2024 ఏప్రిల్‌లో స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం మొదలుపెట్టాడు. దాన్నుంచే యూరోపియన్ యూనియన్‌లో పౌరుల వినతిపత్రం వచ్చింది. 2025 జూలైలో అది పది లక్షల సంతకాలు దాటింది. అంతమంది సంతకం పెడితే యూరోపియన్ కమిషన్ దాన్ని పరిశీలించి జవాబు చెప్పాలి. జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్న మా తమ్ముడు వరసవాడు సంతకం పెడదామని చూశాడు గానీ ఈయూ పౌరులకే ఆ వీలుంది, వీసా మీద ఉన్నవాళ్ళకి లేదు.

ఈ ఉద్యమం అడుగుతున్నది చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. సర్వర్లు ఎప్పటికీ నడపండి అని వాళ్ళు అడగడం లేదు. వ్యాపారం సాగనప్పుడు ఎవరైనా మూసేస్తారు, అది న్యాయమే. మూసేటప్పుడు, కొన్నవాళ్ళు తమంతట తాము ఆడుకునేలా ఏదో ఒక దారి వదిలి వెళ్ళండి అన్నదే కోరిక. వెట్ గ్రైండర్ చేసిన కంపెనీ మూతపడితే మన ఇంట్లో పిండి రుబ్బడం ఆగిపోదు కదా, అంతే. వీడియో గేమ్స్ యూరప్ అనే పరిశ్రమ సంఘం దీన్ని వ్యతిరేకించింది. ఆటగాళ్ళే సర్వర్లు నడిపితే భద్రత ఉండదని, ఇలాంటి నియమం పెడితే ఆన్‌లైన్ గేమ్స్ తయారీ ఖర్చు భరించలేనంత అవుతుందని వాళ్ళ వాదన.

ఈ వాదనని నేను ఒప్పుకోను, ఎందుకంటే చేసి చూపించినవాళ్ళున్నారు. నాకౌట్ సిటీ అనే డాడ్జ్‌బాల్ గేమ్ తీసిన చిన్న స్టూడియో 2023 జూన్‌లో సర్వర్లు మూసేస్తూ, ఎవరికి వాళ్ళు సర్వర్ పెట్టుకుని ఆడేలా కంప్యూటర్ వెర్షన్‌ని ఉచితంగా ఇచ్చి వెళ్ళింది. రెడ్‌ఫాల్ అనే గేమ్ తీసిన ఆర్కేన్ ఆస్టిన్ స్టూడియోని మైక్రోసాఫ్ట్ 2024 మేలో మూసేసింది. ఉద్యోగాలు పోతున్న అదే నెలలో ఆ టీమ్ చివరి అప్‌డేట్‌లో ఆఫ్‌లైన్ మోడ్ పెట్టింది. ఆ గేమ్ అంత బాగుండదు, అయినా ఆ పని చేసినవాళ్ళంటే నాకు చాలా గౌరవం. అంతెందుకు, ది క్రూ మీద అంత గొడవ జరిగాక దాని తర్వాతి భాగం ది క్రూ 2కి యూబీసాఫ్టే 2025లో ఆఫ్‌లైన్‌లో ఆడుకునే వీలు ఇచ్చింది. మొదటి భాగానికి ఇవ్వనిది జనం గట్టిగా అడిగాక రెండో భాగానికి ఇచ్చారు.

కుదరదని చెప్పి తర్వాత కుదిర్చిన కథ ఇంకా పాతది ఒకటుంది. 2013 మార్చిలో సిమ్‌సిటీ వచ్చింది. ఊరు కట్టుకునే గేమ్, ఒక్కళ్ళే కూర్చుని ఆడుకునేది. దానికీ నెట్ తప్పనిసరి చేశారు. విడుదలైన రోజుల్లో సర్వర్లు తట్టుకోలేక కొన్నవాళ్ళు లోపలికే వెళ్ళలేకపోయారు. లెక్కలు చాలావరకు మా సర్వర్ల మీదే జరుగుతాయి కాబట్టి ఆఫ్‌లైన్ సాధ్యం కాదన్నారు. కొద్దిరోజుల్లోనే బయటి ప్రోగ్రామర్లు నెట్ లేకుండా ఊరు నడుస్తుందని చూపించారు. ఏడాది తిరిగేసరికి, 2014 మార్చిలో, కంపెనీయే ఆఫ్‌లైన్ అప్‌డేట్ ఇచ్చింది. అందుకే "టెక్నికల్‌గా సాధ్యం కాదు" అని ఏ కంపెనీ చెప్పినా నేను వెంటనే నమ్మను.

సర్వర్ ఒక్కటే కాదు, లైసెన్సుల గొడవ ఇంకొకటుంది. మనలో చాలామంది నెట్ సెంటర్లలో గంటకి ఇంతని కట్టి ఆడిన జీటీఏ వైస్ సిటీనే తీసుకోండి. అందులో రేడియో పాటలే సగం ప్రాణం. పాటల హక్కుల గొడవ వల్ల 2012లో అది స్టీమ్ నుంచి మాయమైంది. తర్వాత కొన్ని పాటలు లేకుండా తిరిగొచ్చింది. 2018లో జీటీఏ 4కి ఇంకా ఘోరం జరిగింది. పాటల ఒప్పందాలు ముగిశాయని, ఎప్పుడో కొన్నవాళ్ళ కాపీల్లోంచి కూడా అప్‌డేట్ రూపంలో చాలా పాటలు తీసేశారు. రేసింగ్ గేమ్స్‌కి కార్ల కంపెనీలతోనూ ఇదే తంటా. ఫోర్జా హొరైజన్ 4 అమ్మకం 2024 డిసెంబర్‌లో ఆగిపోయింది. కొన్నవాళ్ళు ఆడుకోవచ్చు, కొత్తగా కొనాలంటే ఆన్‌లైన్ స్టోర్లలో దొరకదు. డిస్క్ ఉన్నవాళ్ళు అమ్మితేనే.

మొబైల్ సంగతి క్లుప్తంగా చెప్తాను, మీరు అడిగింది కన్సోల్ గురించి కాబట్టి. 2020 సెప్టెంబర్‌లో మన ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ని నిషేధించింది. అక్టోబర్ 30తో సర్వర్లు ఆగిపోయాయి. 2021 జూలైలో దాని భారత వెర్షన్ బీజీఎంఐ వచ్చి పాత అకౌంట్లు తెచ్చుకోనిచ్చింది. 2022 జూలైలో అదీ స్టోర్ల నుంచి పోయింది, 2023 మేలో తిరిగొచ్చింది. ఇంతమంది పిల్లలు డ్రెస్సులకీ తుపాకీ రంగులకీ పెట్టిన డబ్బు ప్రతిసారీ గాల్లో వేలాడింది. అలాంటి వాటిలో పెట్టే డబ్బు ఆ రోజు సరదాకి పెట్టే ఖర్చని ముందే అనుకుని పెట్టాలి.

ఇక మన జేబు సంగతి. దీని గురించి విదేశీ యూట్యూబర్లు ఎక్కువ మాట్లాడరు గానీ, మన దగ్గర కన్సోల్ గేమింగ్ ఇంతకాలం నిలబడిందంటే సెకండ్ హ్యాండ్ డిస్కుల వల్లే అంటాను. పీఎస్5 వచ్చినప్పుడు సోనీ సొంత గేమ్స్ రేటు 4,999 పెట్టారు. స్టూడెంట్ గానీ కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు గానీ నెలకో గేమ్ ఆ రేటుకి కొనగలడా? మేం చేసేదేంటంటే, ఒకడు కొంటాడు, పూర్తి చేసి తక్కువకి ఇంకొకడికి అమ్ముతాడు, వాడు ఆడి ఓఎల్ఎక్స్‌లో పెడతాడు. కొత్తగా వచ్చిన నెలా రెండు నెలల్లో అమ్మితే సగానికి పైనే తిరిగొచ్చేది. డిజిటల్‌లో ఈ గొలుసు మొత్తం తెగిపోతుంది. 4,999 కట్టినవాడికి చివరికి మిగిలేది లైబ్రరీలో ఒక బొమ్మ. ఫ్రాన్స్‌లో వినియోగదారుల సంఘం ఒకటి దీని మీద స్టీమ్ యజమాని వాల్వ్‌ని కోర్టుకి లాగింది. డిజిటల్ గేమ్స్‌ని తిరిగి అమ్ముకునే హక్కు ఇవ్వాలని 2019లో పారిస్ కోర్టు తీర్పిచ్చినా, 2022లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. రావలసిన తీర్పు పోయిందని నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ గేమ్ పాస్ లాంటి నెలవారీ సబ్‌స్క్రిప్షన్లని నేను తప్పుపట్టను. అవి అద్దె అని అందరికీ తెలుసు, తెలిసే కడతాం. బాధంతా పూర్తి ధర తీసుకుని అద్దె సరుకు చేతిలో పెట్టడం దగ్గరే. కాకపోతే సబ్‌స్క్రిప్షన్ మీదే పూర్తిగా ఆధారపడితే రేటు వాళ్ళ చేతిలో ఉంటుందని గుర్తుంచుకోండి. 2025 అక్టోబర్‌లో అమెరికాలో గేమ్ పాస్ అల్టిమేట్‌ని నెలకి 19.99 డాలర్ల నుంచి ఒక్కసారే 29.99కి పెంచారు. గేమర్లు తమ గేమ్స్ తమ సొంతం కాకపోవడానికి అలవాటు పడాలి అనే అర్థంలో యూబీసాఫ్ట్ సబ్‌స్క్రిప్షన్ విభాగం అధికారి ఒకరు 2024 జనవరిలో ఇంటర్వ్యూలో చెప్పారు. చదివినప్పుడు ఒళ్ళు మండింది. పాతికేళ్ళ క్రితం దొంగ సీడీలు కొన్న మన ఊళ్ళలో ఈరోజు కుర్రాళ్ళు జీతం డబ్బుతో ఒరిజినల్ కొంటున్నారు. పైరసీ ఆపాలంటే దొంగ కాపీ కంటే మంచి సర్వీస్ ఇవ్వాలని వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ ఎప్పటినుంచో చెబుతున్నదే. నిజాయతీగా కొన్నవాడి గేమ్ ఆగిపోయి, దొంగ కాపీ పెట్టుకున్నవాడిది నడుస్తుంటే ఆ కుర్రాళ్ళకి మనం ఏం చెప్పాలి?

ఇంకో నష్టం ఉంది, డబ్బుతో కొలవలేనిది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో కొనడానికి దొరకవు. సినిమా అయితే ఎక్కడో ఒక ప్రింట్ ఉంటుంది. సర్వర్ మీద నడిచే గేమ్ ఆపేస్తే చూడటానికి కూడా ఏమీ మిగలదు. కాంకార్డ్ అనే సోనీ గేమ్ 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబర్ 6న ఆగిపోయింది. డబ్బు తిరిగి ఇచ్చేశారు, అది మంచి పనే. కానీ ఎన్నో ఏళ్ళు కూర్చుని ఆ బొమ్మలు గీసినవాళ్ళు, ఆ తుపాకీ శబ్దాలు చేసినవాళ్ళు తమ పనిని ఇంట్లోవాళ్ళకి ఆడి చూపించలేరు.

సరే, మీరు ఏం చేయాలో చెప్తాను.

కంప్యూటర్ కూడా ఉందన్నారు కాబట్టి, స్టోరీ గేమ్ జీఓజీ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో దొరికితే అక్కడే కొనండి. వాళ్ళ గేమ్స్‌లో డీఆర్ఎమ్ ఉండదు, అంటే కొన్నది మీరేనా అని తెరిచిన ప్రతిసారీ అడిగే తాళం ఉండదు. ఇన్‌స్టాలర్ ఫైల్ దించుకుని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి, జీఓజీ లేకపోయినా అది నడుస్తుంది. నేను సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు ఆ హార్డ్ డిస్క్ ఒక్కటే పట్టుకెళ్తాను. స్టీమ్‌లో కొంటే ముందు స్టోర్ పేజీ కుడి పక్కన చూడండి, వేరే కంపెనీ అకౌంట్ గానీ డీఆర్ఎమ్ గానీ ఉంటే అక్కడ రాసి ఉంటుంది. కొన్న 14 రోజుల్లో, ఆడిన టైమ్ రెండు గంటలు దాటకుండా ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. అందుకని ఇన్‌స్టాల్ అయ్యాక ఒకసారి తెరిచి మూసేసి, స్టీమ్‌ని ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఆపేసి మళ్ళీ తెరవండి. స్టోరీ గేమ్ అయ్యుండి తెరుచుకోకపోతే నేను రిఫండ్ పెట్టేస్తాను. ఏ స్టోర్ అయినా తాను చెప్పిన నిబంధన ప్రకారం రిఫండ్ ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

పీఎస్5 విషయంలో నా మాట డిస్క్ ఎడిషనే. ధరలో తేడా ఎక్కువనిపిస్తుంది గానీ, కొన్ని గేమ్స్ ఆడి అమ్మితే ఆ డబ్బు వచ్చేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఇంకా ముందే. కొనే ముందు ఆ డిస్క్ నెట్ లేకుండా నడుస్తుందో లేదో చూసుకోండి. డజ్ ఇట్ ప్లే అనే బృందం ఒక్కో డిస్క్‌నీ నెట్ తీసేసి పరీక్షించి ఫలితాలు పెడుతుంటుంది. నింటెండో వాళ్ళ స్విచ్ 2 కన్సోల్ వైపు మనసు పోతే గేమ్ కీ కార్డ్ అని రాసి ఉన్న బాక్సులతో జాగ్రత్త. ఆ కార్డ్‌లో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది.

బడ్జెట్ బాగా టైట్‌గా ఉండి డిజిటల్ ఎడిషనే తీసుకున్నా పరవాలేదు, స్లిమ్ మోడల్ అయితే డిస్క్ డ్రైవ్ తర్వాత విడిగా కొని తగిలించుకోవచ్చు. తగిలించినప్పుడు అది కన్సోల్‌తో జత కావడానికి ఒకసారి నెట్ ఉండాలి, కాబట్టి ఆ పని మీ ఊళ్ళో కాకుండా హాస్టల్‌లో ఉన్నప్పుడే చేసేయండి. సెట్టింగ్స్‌లో కన్సోల్ షేరింగ్, ఆఫ్‌లైన్ ప్లే అనేది ఆన్‌లో ఉందో లేదో కూడా చూసుకోండి, అది ఆఫ్‌లో ఉంటే కొన్న డిజిటల్ గేమ్స్ కూడా నెట్ లేనప్పుడు తెరుచుకోకపోవచ్చు.

మీరు రాసిన లిస్ట్‌లో ఫుట్‌బాల్ గేమ్ ఒక్కటి ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్‌లో ఆడేది, ఏటా కొత్తది వస్తుంది, పాతదానికి రేటు పడిపోతుంది. దాన్ని సేల్‌లో డిజిటల్‌గా తీసుకోండి. మిగతావన్నీ స్టోరీ గేమ్సే. వాటిని డిస్క్ మీద తీసుకోండి.